కొత్త ఇండ్ల స్థలములు – వాననీటి దారి



గ్రంథాలయ రజతోత్సవ సభకు కావ్యగోష్ఠి నాశించి విచ్చేసిన వారికి కాలువల ప్రసంగము విరసముగా తోచవచ్చును. కాని పూర్వులు దీనిని శాస్త్రమునకు వెలియైన సంగతిగా నెంచలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున, మూడవ అధికరణమునందు, ఇంటినుండి నీరు పోవు దారికి తగిన వాలుండవలెననియు, అది పొరుగువాని హద్దునకు ఇంత దూరమున నుండవలెననియు, తప్పినవానికి 54 పణముల దండుగ యనియు కలదు. స్థలమును కొలుచునాడే నీటికిని దారి కొలువవలెనన్నమాట.

నేడు పట్టణముల చుట్టునున్న పొలములు ఇండ్ల స్థలములుగా విభజింపబడుచున్నవి. రాళ్లు పాతుదురు, రోడ్లు తీయుదురు, రంగుల పటము చూపుదురు. ఆ పటమున ప్లాటు సంఖ్యయు, తూర్పు ముఖమును, ఈశాన్యపు మూలయు నుండును. వాన కురిసిన నీరెటు పోవునను ప్రశ్నకు మాత్రము పెక్కు పటములలో జవాబు కానరాదు.

చిన్న లెక్క చూడుడు. పది యెకరముల పొలము. గంటలో 5 సెంటీమీటర్ల వాన. ఎకరమునకు సుమారు 4,047 చదరపు మీటర్లు గనుక, పడిన నీరు ఇరువది లక్షల లీటర్లకు పైమాట; సెకనుకు సుమారు 562 లీటర్లు. పొలముగా నున్నప్పుడు గట్లు ఆపును, దుక్కి పీల్చును. పదింట మూడు వంతులు వెలికి పారుననుకొన్నచో సెకనుకు 169 లీటర్లు. అదే నేల మిద్దెలతోను సిమెంటు రోడ్లతోను కప్పబడి, పదింట తొమ్మిది వంతులు పారినచో 506 లీటర్లు. వాన యదే, వరద మూడింతలు! ఈ లెక్క క్రొత్తది కాదు. ఐర్లండు దేశపు ఇంజనీరు మల్వనీ 1851లోనే దీనికి మార్గము చూపెను. 2010లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ పట్టణ వరదలను గూర్చి వెలువరించిన మార్గదర్శకములందు, కాలువలు కట్టునపుడు నూటికి 95 వంతుల వరకు నీరు పారునని లెక్కింపవలెనని చెప్పబడినది. ప్లాట్లు ఖాళీగా నున్న తొలి యేండ్లలో ఏ బోదెయైనను చాలినట్లే కనబడును. ఇండ్లన్నియు లేచిన తరువాత గాని దాని కొరత తెలియదు. అప్పటికి అమ్మినవాడు ఊర నుండడు.

ఇది లోపల పడిన నీటి సంగతి. పైనుండి వచ్చు నీరు వేరు, అదియే యెక్కువ ప్రమాదము. వాగు సంవత్సరమున ఎనిమిది తొమ్మిది మాసములు ఎండియుండును. చూపరులకు డొంకవలె నుండును. గ్రామపటమున మాత్రము అది వాగు పోరంబోకుగా నుండును. హైదరాబాదు వాడుకలో వాననీటి కాలువను నాలా యందురు. వ్యవసాయపు భూమిని ఇండ్లకు మార్చు అనుమతిని గూడ జనులు నాలా యనుచు వచ్చిరి. 1963 నాటి పన్ను చట్టపు ఇంగ్లీషు పేరులోని తొలి యక్షరములు కూడి అది యేర్పడినది. ఒక నాలా కొరకు ఆఫీసుల చుట్టు తిరిగి, రెండవ నాలాను పూడ్చి ప్లాటు చేయుట కాలమహిమ!

1908 సెప్టెంబరు 28న మూసీనది హైదరాబాదును ముంచెను. ఆపై అక్కడికి రప్పింపబడిన విశ్వేశ్వరయ్యగారు నదీపరివాహకమున 788 చెరువులున్నట్లు లెక్కకు తెచ్చిరి. ఒక చెరువు అలుగు నీరు మరియొక చెరువునకు పోవు గొలుసుకట్టు అది. పై చెరువు తెగినచో క్రింది దానికిని గండమే. తరువాత 1920లో ఉస్మాన్ సాగరు, 1927లో హిమాయత్ సాగరు పూర్తియైనవి. పెద్దనది కట్టువడినది గాని చిన్న చెరువుల నడిమి దారులు క్రమముగా ఇండ్లక్రింద పోయినవి. 2020 అక్టోబరులో పల్లె చెరువు, గుర్రం చెరువు తెగి క్రింది కాలనీలను ముంచినప్పుడు ఆ దారులు జ్ఞప్తికి వచ్చినవి. 2024 సెప్టెంబరు 1న విజయవాడ సింగునగరును ముంచిన నీరును అక్కడ కురిసినది మాత్రమే కాదు. ఊరి వెలుపలి నుండి బుడమేరు తెచ్చినది. కావున లేఅవుటు పటమునకు ముందు గ్రామపటమును విప్పవలెను. 2012 నాటి భవన నియమములలో, 10 మీటర్లకు మించిన వెడల్పు గల వాగునకు, కాలువకు 9 మీటర్లు, అంతకు తక్కువదానికి 2 మీటర్లు, 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువునకు 30 మీటర్లు ఎడము విడువవలెనని యుండెను. కొలత గొలుసుతో పోయి చూచువా డుండినగదా!

నీటిని వెళ్లగొట్టుటయే పని యనుకొనుటయు పొరపాటే. మూడింతల నీటిని క్రింది రైతు చేనిపైకి తోయుట న్యాయము కాదు. లేఅవుటులో పదియవ వంతు ఖాళీ స్థలముగా విడుచుట నియమము. పెక్కుచోట్ల అమ్ముడుపోని వంకర మూలను దాని క్రింద చూపుదురు. దానిని పల్లపు కొసను విడిచి, 50 సెంటీమీటర్లు, అనగా మోకాలిబంటి లోతు, తవ్వినచో నేమగును? పది యెకరములపై పడిన 5 సెంటీమీటర్ల వాన ఒక యెకరముపై 50 సెంటీమీటర్లగును. ఆ గంటవానయంతయు అందు పట్టును! అడుగున చిన్న తూము పెట్టి, పూర్వము పొలమునుండి పోయినంత నీరే, సెకనుకు 169 లీటర్లే, పోనిచ్చినచో క్రింది చేనికి చేటు లేదు. మిగిలిన దినములు పిల్లలు ఆడుకొందురు. కడపజిల్లా పోరుమామిళ్ల చెరువుకడ 1369 నాటి శాసనమున చెరువు గుణములు పండ్రెండు, దోషములు ఆరు చెప్పబడినవి. నీరు మిక్కిలియై నేల చాలకుండుట అందొక దోషము. ప్లాట్లకై ప్రతి గజమును అమ్ముకొన్న లేఅవుటునకు పట్టినదియు ఆ దోషమే.

కాలువ యెంత పెద్దదైనను అన్ని వానలకును చాలదు. 2020 అక్టోబరు 13న ఘట్‌కేసరు ప్రాంతమున ఒక్క దినములో 32 సెంటీమీటర్లు కురిసినది. కాలువ పొంగిన నాడు నీరు ఇండ్లలోనికి గాక రోడ్డువెంట పోవునట్లు రోడ్డునకు వాగువైపు వాలుండవలెను. ఇంటి నేల రోడ్డుకంటె ఎత్తున నుండవలెను. కాలువ కొస, అది కలియు వాగు వరదమట్టమునకు పైన నుండవలెను. లేనియెడల వాగునీరే కాలువవెంట ఎదురెక్కి ఇంటికి వచ్చును.

కట్టిన కాలువను కాచుట మిగిలినది. రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు గల కాలువకు నాలుగు చదరపుటడుగుల దారి యుండును. గుమ్మమునకు బండి యెక్కించుటకై ఒక గృహస్థు అందు 9 అంగుళముల గొట్టము వేసి పైన మట్టి కప్పినచో, మిగులు దారి అందు తొమ్మిదవ వంతు. వీథిలో ముప్పది యిండ్లున్నను ఒక్క గొట్టము చాలును. ఆ గొట్టమును తీయించి పలక వేయించుటకు పంచాయతీవారు వానకాలమునకు ముందే, వైశాఖములోనే, వీథులు తిరుగవలసియున్నది.