రెండు కంప్యూటర్లకు ఒకే తెర

(యానాంలో పాల సంఘాల సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



పాలు పోసేవారికి కంప్యూటరు గొడవ ఎందుకని కొందరికి తోచవచ్చు. పూర్వం గెర్బర్ గొట్టంలో ఆమ్లం పోసి త్రిప్పి, వెన్న ఏ గీత వరకు వచ్చిందో చూపేవారు. మన కళ్లతో మనమే చూసుకునేవాళ్లం. ఇప్పుడు చాలా సంఘాలలో కొలత, వెన్న శాతం, రావలసిన సొమ్ము తెర మీదనే కనబడుతున్నాయి. కనుక ఆ తెర సంగతి సభ్యులకు కూడా తెలియాలి.

కొన్నిచోట్ల రెండు కంప్యూటర్లుంటాయి. ఒకటి పాలు పోయించుకునే బల్ల వద్ద. రెండవది దాణా, అప్పులు, చెల్లింపుల లెక్కలకు. గది చిన్నది. రెండవ తెర కొనాలన్నా ఆ డబ్బు సభ్యులదే. అటువంటి చోట కె.వి.యం. స్విచ్చి అనే చిన్న పెట్టె ఒకటి చాలును. ఒకే తెర, ఒకే కీబోర్డు, ఒకే మౌస్ దానికి తగిలించి, మీట నొక్కి ఏ కంప్యూటరు కావాలంటే దానిని చూడవచ్చును.

డెల్టా రైతులకు ఇది వింత కాదు. దాళ్వాకు నీరు చాలనప్పుడు వంతుల వారీగా ఒక కాలువ తలుపు దించి మరొక కాలువ తలుపు ఎత్తడం లేదా? ఇదీ అంతే. అయితే ఒక భేదం ఉన్నది. తలుపు దించితే కాలువ ఆగుతుంది. తెర మారితే కంప్యూటరు ఆగదు, కనబడకుండా నడుస్తూనే ఉంటుంది. కావున ఇంటికి వెళ్లేముందు రెంటినీ విడివిడిగా ఆపాలి. కరెంటు పోతే ఆదుకునే బ్యాటరీ రెండు కంప్యూటర్ల బరువూ మోయగలిగి ఉండాలి.

కొనేముందు వెనుక భాగం చూడండి. పాత రకం వి.జి.ఎ. తీగకు 15 పిన్నులు, కొత్త హెచ్.డి.ఎం.ఐ. తీగకు 19. స్విచ్చి మీ తీగలకు సరిపోవాలి. తెరకే రెండు దారులుంటే, దాని మీది మీటతోనే మార్చుకోవచ్చు. అప్పుడు స్విచ్చి కొననక్కరలేదు, కాని కీబోర్డులు రెండు కావాలి. మనది గౌతమి ఒడ్డు, సముద్రం దగ్గర. ఉప్పుగాలికి పిన్నులు చిలుము పడతాయి. పెట్టెను తడి తగలని చోట ఉంచండి.

అసలు జాగ్రత్త వేరే ఉన్నది. తెల్లవారుజామున వరుస నిండుగా ఉన్నప్పుడు ఎవరో తమ బాకీ అడుగుతారు. గుమాస్తా లెక్కల వైపు మారుస్తాడు, తిరిగి మార్చడం మరచిపోతాడు. తరువాతి సభ్యురాలి పాలు పాల ఖాతాలో పడవు. తప్పు స్విచ్చిది కాదు, నష్టం మాత్రం ఆమెది. అందుచేత రెండు తెరలకు వేర్వేరు రంగులు పెట్టి, ఒకదాని మీద ‘పాలు’ అని, రెండవదాని మీద ‘లెక్కలు’ అని పెద్ద అక్షరాలతో కనబడేలా చేయించండి. పాల సేకరణ ముగిసేవరకు స్విచ్చి ముట్టరాదని సంఘంలో తీర్మానించుకోండి.

సభ్యులు కూడా చీటీలో తమ నెంబరు, లీటర్లు, వెన్న శాతం చూసుకున్న తరువాతే క్యాను ఎత్తాలి. చదువు రానివారికి పక్కవారు చదివి చెప్పాలి. సహకారమంటే అదే కదా!