నీటిమీది వంతు
(ఆరణిలో మన సంఘ సభ్యుల సమావేశమున ఒక వర్తక సభ్యుడు చేసిన ఉపన్యాసము)



నేను పండితుడను గాను. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి నాయనగారి దుకాణమున కూర్చుండినవాడను. చేపలవేటను గూర్చి మాటలాడుటకు నాకేమి యర్హత యని మీరడుగవచ్చును. పులికాటు జాలరులకు వలనూలును త్రాళ్లును అరువిచ్చి, ఆ లెక్కలు వ్రాసిన కుటుంబములో పుట్టుటయే నా యర్హత.

అరువడిగిన జాలరిని మా నాయనగారు “నీకు ఇల్లున్నదా, పొలమున్నదా?” యని అడిగెడివారు కారు. “ఈ యేడు నీకు ఏ పాడు వచ్చినది? వంతు ఎప్పుడు?” అని మాత్రమే అడిగెడివారు. ఆ జవాబునుబట్టి వాయిదా వ్రాసెడివారు. చేతిలో పట్టా లేదు, దస్తావేజు లేదు. అయినను ఆ వాయిదాలు తప్పుట అరుదు.

మన తెలుగున పాడన్న మాటకు చెడుటయని యర్థము. ఈ పాడు వేరు. సరస్సులో కర్రలు పాతి వల కట్టుటకు అనువైన తావునకు ఆ పేరు. సముద్రపు మొగకు చేరువగా, ఆటుపోటుల వెంట రొయ్య కదలాడు చోట్లు కొన్నియే యుండును. అందరును ఒక్కసారి దిగినచో ఎవ్వరికిని దక్కదు. అందుచేత కోటైకుప్పము మొదలగు పట్టణవర్ గ్రామములవారు హక్కుగల కుటుంబములను ‘తలైకట్టు’ లెక్కన ఎంచి, చీట్లు వేసి, వంతులవారీగా ఆ తావులను అనుభవించుచు వచ్చిరి. మంచి తావు నేడు ఒకనిదైన రేపు మరియొకనిది. తగవు పుట్టిన ఊరిపెద్దలే తీర్చెడివారు. ఇదే పేరుతో ఇట్టి యేర్పాటు కేరళమున కొచ్చి కాయలులోను, శ్రీలంకలోని నెగొంబో సరస్సులోను కలదు.

ఇందులో లోపము లేదని నేను చెప్పను. ఈ హక్కు కులమునుబట్టి, ఊరినిబట్టి వచ్చినది. రొయ్యలకు విదేశములలో గిరాకి పెరిగిన పిమ్మట ఇతర గ్రామములవారును నీటిలో దిగి, మాకును పాలు కావలెనని యడిగిరి. చేతులతో తడవి రొయ్య పట్టుకొను ఇరుళరులకు ఆ చీట్లలో పేరు లేదు. పైగా మొగ ఇసుకతో పూడినప్పుడెల్ల సరస్సు నిస్సారమై, పంచుకొనవలసినది తగ్గి, పంచుకొనువారు మాత్రము పెరుగుచున్నారు.

ఇక అసలు విషయమునకు వచ్చెదను. మన ఆరణియేరు పోయి కలియునది ఈ సరస్సులోనే. దాని దక్షిణపు కొన తమిళనాడులో నున్నది. పెద్దభాగము ఆంధ్రప్రదేశములో నున్నది. సరిహద్దు కాగితముపై గలదు గాని నీటిపై కనబడదు. ఇరువైపుల జాలరుల నడుమ తగవులు పలుమారులు పుట్టినవి. మనలో కొందరు యువకులు ఇట్టి తగవున తెలుగువారి పక్షమున మన సంఘము తీర్మానము చేయవలెనని కోరుచున్నారు. వారి భాషాభిమానమునకు సంతోషించుచున్నాను. తీర్మానమునకు మాత్రము సమ్మతింపజాలను.

ఏలయన, ఆవలి గట్టున ఉన్న పట్టపువారిలో పలువురి ఇంటిభాష తమిళమే. ఆంధ్రప్రదేశమున తమిళము మాటలాడువారు, తమిళనాడున తెలుగు మాటలాడు మనవంటివారు. ఇందులో ఎవరిని తెలుగు పక్షమందుము, ఎవరిని తమిళ పక్షమందుము? 1953లో ఆంధ్ర రాష్ట్రమేర్పడినది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మదరాసు రాష్ట్రమున చేరినది. గీత జరిగినంత మాత్రమున మన ఇల్లు జరుగలేదని నాటినుండి చెప్పుకొనుచున్న మనము, ఆ జాలరిని గీతనుబట్టి తూచుట న్యాయమా?

సముద్రము దాటిన మనవారిని ఒకసారి తలచుకొనుడు. 1903 మొదలు 1916 వరకు చెన్నపట్టణపు రేవునుండి ఫిజీ చెరకుతోటలకు కూలీలుగా పోయినవారిలో తెలుగువారెందరో యుండిరి. ఉత్తర ఆర్కాడు జిల్లావారును వారిలో నుండిరి. ఆ దీవులలో తీరపు నీరు ‘గోలిగోలి’ యను పేరుతో 400కు పైగా భాగములుగా నమోదై యున్నది. అడుగునేల ప్రభుత్వముది, చేపలు పట్టు ఆచారపు హక్కు అచ్చటి ఆదివాసుల వంశములది. మనవారి మనుమలు ఆ నీట వేటాడి అమ్ముకొనదలచిన, లైసెన్సునకు ముందుగా ఆ వంశపు పెద్ద సమ్మతి పొందవలెను. 2006లో ఆ తీరభూమి యాజమాన్యమునే వంశములకు అప్పగించు బిల్లు వచ్చినది. దేశమంతట కలత పుట్టినది. ఆ డిసెంబరున ప్రభుత్వమును కూలద్రోసిన సైన్యాధిపతి చెప్పిన కారణములలో ఆ బిల్లును ఒకటి. అచ్చట మనవారు బయటివారు. తమ జీవనమును కూడ కొంత తలపవలెనని వారు కోరుట న్యాయమే. అచ్చట న్యాయమైనది పులికాటున ఇరుళరులకు అన్యాయము కాజాలదు. అట్లే, తాతల నాటి నియమము పాటించి నీటిని కాపాడినవారిని త్రోసిపుచ్చుటయు న్యాయము గాదు.

కావున నా సూచన యిది. భాషాపక్షపు తీర్మానమునకు బదులు ఉభయ ప్రభుత్వములకు ఒక విన్నపము పంపుదము. ఏ తావు ఏ ఊరిది, వంతులెట్లు నడచును అనునది ఆ ఊళ్లవారి యెదుట వ్రాతలోనికి తేవలెను. చీట్లలో పేరులేని బీదలకు ఆ సంభాషణలో చోటుండవలెను. మొగ పూడకుండ చూడవలెను. జపానులో 1949 నాటి చట్టము తీరపు వేటహక్కును జాలరుల సహకార సంఘములకే అప్పగించినది. ఆచారమును చట్టము గుర్తించుట అసాధ్యము గాదు.

చివరకు నా సొంతమాట ఒకటి. మా నాయనగారి పాత చిట్టా ఆవర్జాలు అటకపై నున్నవి. చెదలు పట్టక మునుపు తూకమునకు వేయుదమని నిరుడు తలచితిని. ఒక కట్ట విప్పి చూడగా, ప్రతి జాలరి పేరుకెదురుగా ఆ యేటి పాడును, వంతును తెలుగున వ్రాసియున్నవి. ఆ తమిళ జాలరుల హక్కునకు ఆ కుటుంబములయొద్ద లేని సాక్ష్యము మన తెలుగు వ్రాతలో నున్నది. అరువు బాకీలు ఏనాడో తీరినవి. ఆ ఊరిపెద్దలు అడిగిననాడు ఆ పుస్తకములను చదివి వినిపింపవలసిన బాకీ నాది. మీ ఇండ్లలోను అటకలున్నవి. ఒకమారు చూడుడు.