కార్డు ఏజెన్సీది, సర్టిఫికెటు మనది

(సికింద్రాబాద్ అడ్డగుట్టలో సెక్యూరిటీ గార్డుల బస్తీ సమావేశంలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



కావలి పని మనకు కొత్త కాదు. మన తాతలు ఊళ్లల్ల మస్కూరులు, నీరడులు, కావలికార్లు. పంట కాచిన్రు, చెరువు తూము కాచిన్రు, దొర గడి ముందట రాత్రంతా నిలబడ్డరు. దానికి జీతమేంది? కల్లం కాడ ఇన్ని గింజలు. ఆ పని కులం పేర మెడకు పడ్డది. ఎవరూ నేర్పింది లేదు, ఎంత కష్టమని అడిగింది లేదు. వాళ్ల మనుమలం మనం. బస్సెక్కి సికింద్రాబాద్‌ల దిగినం. మాలో కొందరం మా ఇండ్లల్ల మొదటిసారి డిగ్రీ చదివి బడిపంతుళ్లమైనం. మేం చదువు చెప్పిన పిల్లల్లో ఎందరో పదో తరగతి కాడ ఆగిపోయి, ఇయ్యాల ఏటీఎం ముందట, అపార్ట్‌మెంటు గేటు కాడ, దవాఖాన మెట్ల మీద నిలబడుతున్నరు. అందుకే ఈ ముచ్చట మాకు పరాయిది కాదు.

తాతలకు చట్టం లేకుండె. మనకున్నది. అది మన చెవిన పడలేదు, అంతే.

2005లో పార్లమెంటు ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టం చేసింది. 2006 మార్చి 15 నుంచి అది అమలుకొచ్చింది. ఇందులో లైసెన్సు తీసుకోవాల్సింది ఎవరు? గార్డు కాదు, ఏజెన్సీ. లైసెన్సు ఇచ్చేది రాష్ట్ర హోంశాఖ అధికారి. చట్టంలో రాసిన ఫీజు ఒక్క జిల్లాకైతే 5 వేలు, ఐదు జిల్లాల దాకా 10 వేలు, రాష్ట్రమంతటికీ 25 వేలు. లైసెన్సు ఐదేండ్లు నడుస్తది. లైసెన్సు లేకుండ దుకాణం పెడితే ఏడాది దాకా జైలు, లేదంటే 25 వేల దాకా జుర్మానా, లేదంటే రెండూ.

మరి గార్డుకు ఏం కావాలె? 18 ఏండ్లు నిండాలె, 65 నిండకూడదు. నడవడి మీద విచారణ జరగాలె. తర్ఫీదు పొందాలె. ఆ తర్ఫీదు ఇప్పించే బాధ్యతను చట్టం 9వ సెక్షన్‌లో ఏజెన్సీ నెత్తిన పెట్టింది. దాని ఖర్చు గార్డు జీతంలో కోసుకోవచ్చని ఆ చట్టంలో ఎక్కడా లేదు.

ఎంత తర్ఫీదు? 2006లో కేంద్రం రాసిన నమూనా నియమాల లెక్క చెప్తం, వినండి. తరగతిలో 100 గంటలు, బయట 60 గంటలు, కనీసం 20 పనిదినాలు. మాజీ సైనికులకూ మాజీ పోలీసులకూ 40 గంటలు, 16 గంటలు, ఏడు దినాలు. ఏం నేర్పాలె? మంటలార్పుడు, ప్రథమ చికిత్స, గుంపును అదుపు చేసుడు, గుర్తింపు కాగితాలు పరిశీలించుడు, బాంబు అనుమానం వస్తే ఏం చెయ్యాల్నో, పోలీసు స్టేషన్ల ఎఫ్ఐఆర్ ఎట్ల పెట్టాల్నో. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు చదవగలగాలె. ఇదంతా వచ్చినవాడు ఉత్త కూలోడా? పనితనం తెలిసిన కార్మికుడు.

ఇందాక 160 గంటల తర్ఫీదు ఎవరికైందో చేతులెత్తమంటే ఇద్దరే ఎత్తిన్రు. మిగిలినోళ్లకు? టోపీ పెట్టిన్రు, కర్ర చేతికిచ్చిన్రు, సంతకం పెట్టించుకున్నరు. తర్ఫీదు లేకుండ రేపు గ్యాసు మంటల ముందటికి పొమ్మంటే పోయేది ఎవరు? కాలేది ఎవరు?

మా వాడకట్టు తమ్ముడి సంగతి వినండి. ఒక ఏజెన్సీల మూడేండ్లు చేసిండు. ట్రైనింగు, యూనిఫారం అని మొదటి రెండు నెలలు జీతంల కోసుకున్నరు. పని తీసేసిననాడు కార్డు గుంజుకున్నరు, సర్టిఫికెటు కూడ ఇయ్యలే. జిరాక్సన్న లేదు. వేరే ఏజెన్సీకి పోతే, "నీకు ట్రైనింగు లేదు, హెల్పరు కింద రాసుకుంటం" అన్నరు. మళ్ల ట్రైనింగు పైసలు అడిగిన్రు. అన్ని రాత్రులు కాచిన మనిషి కొత్తోడయిండు.

అదే నియమాలు ఇంకేమంటున్నయి? ఫోటో గుర్తింపు కార్డు పని మానినంక ఏజెన్సీకి తిరిగియ్యాలె. నిజమే, ఇచ్చేయండి. కానీ తర్ఫీదు సర్టిఫికెటు శిక్షణ సంస్థ ఆ నేర్చిన మనిషికిచ్చేది. కార్డు వాళ్లది, సర్టిఫికెటు మనది. భూమికి పట్టా ఎట్లనో, గార్డుకు ఈ కాగితం అట్ల.

ఆ కాగితానికి విలువెంత? 2017 జనవరిలో కేంద్రం తన కిందికొచ్చే పనులకు కనీస వేతనాలు సవరించింది. హైదరాబాద్ వంటి 'ఏ' ప్రాంతంలో నిర్మాణంల నైపుణ్యం లేని కూలీకి రోజుకు 523 రూపాయలు, ఆయుధం లేని కావలికి 637, కరువు భత్యం వేరే. అంటే కావలిని నైపుణ్యం గల పని పక్కన నిలబెట్టిన్రు. మనల్ని హెల్పరని రాసినప్పుడల్లా ఆ తేడా ఎవరి జేబుల పడుతున్నదో ఆలోచించండి.

ఇంక గంటలు. బాబాసాహెబ్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయి మండలిలో కార్మిక శాఖ చూసిన్రు. ఫ్యాక్టరీ పనిని వారానికి 48 గంటలకు తగ్గించిన చట్టం 1946లో వచ్చింది. రోజుకు 12 గంటలు, వారం సెలవు లేకుండ, 84 గంటలు మనం నిలబడుతున్నం. ఓవర్‌టైం అడిగితే "గేటు కాడ కూసునుడే గదా" అంటున్నరు. కూసునుడు కాదది, మేలుకునుడు.

కనీస వేతనం, పీఎఫ్, బోనస్, గ్రాట్యుటీ చట్టాల పేర్లు 2005 చట్టానికి అనుబంధంగా రాసిన్రు. వాటిని తప్పిన ఏజెన్సీ లైసెన్సు రద్దు చేసే అధికారం 13వ సెక్షన్ ఇచ్చింది. ఆ పాత చట్టాలు 2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లల్ల కలిసినయి. పేరు మారితే బాకీ మాఫ్ కాదు.

ఇప్పుడు చేయాల్సినవి మూడు. ఒకటి, సర్టిఫికెటు అడిగి తీసుకొని ఇంట్ల భద్రం చేసుకోవాలె, జిరాక్సులు తియ్యాలె. రెండు, ఏజెన్సీ లైసెన్సు నంబరు, హాజరు, కోత, డ్యూటీ గంటలు ఒక నోటుబుక్కుల రాసుకోవాలె. గార్డు నోటుబుక్కు, పెన్ను పెట్టుకోవాల్నని నియమాల్లోనే ఉన్నది. వాళ్ల గేటు లెక్కతోటి మన లెక్క కూడ రాద్దాం. మూడు, ఒక్కొక్కరు పోతే పని పోతది. పదిమందిమి సంతకాలు పెట్టి కార్మిక శాఖకు, హోంశాఖకు దరఖాస్తు ఇద్దాం. రాసే పని మాది.

ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు రానోళ్లకు మేం రాత్రి బడి పెడతం. డ్యూటీ మార్పును బట్టి రెండు పూటలు చెప్తం. ఈ సికింద్రాబాద్ చిలకలగూడల పుట్టిన ఈశ్వరీబాయి పంతులమ్మగా పనిచేసి, 1967లో ఎల్లారెడ్డి నుంచి అసెంబ్లీకి పోయి మన గొంతు వినిపించింది. పలక పట్టుడు సిగ్గు కాదు.

ఊరిని కాచినం, నగరాన్ని కాస్తున్నం. ఇగ మన కాగితాన్ని, మన కూలిని మనం కాచుకుందాం.

జై భీమ్!