సైకిల్‌కు ఇంత జాగా అడుగుదాం
(వేములవాడ సభలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మద్దతు ధర గురించో కరెంటు గురించో మాట్లాడతారనుకుని వచ్చినవాళ్లు ఇదేం సైకిళ్ల ముచ్చట అని నవ్వుకోవచ్చు. నవ్వండి. కానీ ఇవాళ సైకిల్ మీద వచ్చినవాళ్లను అడగండి, మనసు ఎక్కడున్నదో. గోడకు ఆనించి, ముందు చక్రానికి గొలుసేసి వచ్చారు. ప్రాణం అక్కడే ఉన్నది.

మనలో ఇంకా సైకిల్ తొక్కేదెవరు? పాలు పోసేవాళ్లు, కూరగాయల గంప కట్టుకొచ్చేవాళ్లు, హమాలీలు, కూలికి పోయే పెద్దమనుషులు, హైస్కూలుకు పోయే పిల్లలు. మిడ్ మానేరులో అనుపురం, రుద్రవరం, సంకెపల్లి లాంటి ఊళ్లు మునిగాయి. భూమి పోయి కాలనీల్లో ఉంటున్నవాళ్లు పని కోసం దూరం పోవాల్సిందే. పెట్రోలు పోయించుకునే స్తోమత అందరికీ ఉండదు. సోమవారం, శివరాత్రి వచ్చిందంటే రాజన్న గుడి దగ్గర కార్లకు, బస్సులకు జాగా చూస్తారు. సైకిల్ మాట ఎవరికీ తోచదు.

మన సభ్యుడొకాయన సైకిల్ పోయింది. ఠాణాకు పోతే 'పాత సైకిల్‌కు కేసేంది తాతా' అని పంపించారు. చట్టం కూడా ఆయనకు పెద్దగా తోడు రాలేదు. 2024 జూలై 1 నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ చూడండి. పోయిన వస్తువు విలువ 5,000 రూపాయల లోపు ఉండి, దొంగకు అదే మొదటి శిక్ష అయితే, వస్తువో దాని విలువో తిరిగిచ్చాక సమాజ సేవతో సరిపోతుంది. ఈ రకం దొంగతనాన్ని నాన్ కాగ్నిజబుల్ కింద పెట్టారు. అంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. మన పాత సైకిళ్లలో ఐదు వేలు పలికేవి ఎన్ని? చిన్న దొంగను జైల్లో వేయమని మేము అనడం లేదు. కానీ ఆ సైకిల్ లేకపోతే ఆయనకు మర్నాటి కూలి లేదు. అందుకే పోకుండా చూసుకోవడమే దారి.

దానికి లక్షలేమీ అక్కర్లేదు. ఇనుప గొట్టాన్ని తిరగేసిన 'యు' లాగా వంచి సిమెంటులో పాతితే రెండు పక్కలా రెండు సైకిళ్లు ఆగుతాయి. చక్రానికి కాదు, ఫ్రేముకే తాళం పడుతుంది. మీటరుకొకటి చొప్పున పది గొట్టాలు పాతితే ఇరవై సైకిళ్లు. ఒక్క లారీ నిలిచేంత జాగా! పైన రేకులు, ఒక లైటు, టోకెన్ ఇచ్చే మనిషి ఉంటే చాలు. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ రైల్వే స్టేషను కింద 12,500 సైకిళ్లు పెట్టుకునే స్టాండు ఉంది, మొదటి 24 గంటలు ఉచితం. మనం అడిగేది ఇరవైకి.

ఎవరిని అడగాలి? మొదట మార్కెట్ కమిటీని. మన పంట అమ్మకం మీదే మార్కెట్ ఫీజు వసూలవుతుంది, 1966 నాటి మార్కెట్ల చట్టం ప్రకారం యార్డులో సౌకర్యాలు చూడాల్సింది కమిటీయే. తర్వాత బస్టాండు, హైస్కూలు, వడ్ల కొనుగోలు కేంద్రం. కాపలాకు ఊళ్లోని వికలాంగులనో ఒంటరి మహిళలనో పెట్టాలని, వాళ్ల జీతం టోకెన్ పైసల మీద వదిలేయొద్దని కూడా రాశాం. ఆ పైసలతో ఎవరికీ పూట గడవదు.

అర్జీ కాగితం బల్ల మీద ఉంది, పోయేముందు సంతకాలు పెట్టండి. ఇంటికి పోయాక సైకిల్ తిరగేసి పెడల్ ఇరుసు కిందనో, సీటు గొట్టం మీదనో ఉన్న ఫ్రేము నంబరు రాసి పెట్టుకోండి, ఫోన్లో ఫోటో తీసుకోండి. రేపు సైకిల్ దొరికితే అది మీదేనని చూపించడానికి పనికొస్తుంది.