రోజీ అనే పేరు

రెండవ ప్రపంచ యుద్ధాన్ని గురించిన గ్రంథాలలో ఒక స్త్రీ చిత్రం తరచు కనబడుతుంది. తలకు తెల్లని చుక్కల ఎర్రగుడ్డ కట్టుకొని, నీలి చొక్కా చేయి పైకి మడిచి, పిడికిలి బిగించి మనవంక సూటిగా చూస్తుంటుంది. మనం చేయగలమనే అర్థం గల ఆంగ్లవాక్యం తలపైన ఉంటుంది. ఆమె పేరు రోజీ అనీ, అమెరికా స్త్రీలను యుద్ధకాలంలో కర్మాగారాలకు రప్పించిన చిత్రం ఇదేననీ చాలామంది తలుస్తారు. రెండూ సరికావు.

ఆ చిత్రాన్ని 1942లో జె. హోవర్డ్ మిల్లర్ అనే చిత్రకారుడు వెస్టింగ్‌హౌస్ సంస్థ కోసం గీశాడు. 1943 ఫిబ్రవరిలో రెండు వారాలపాటు అది ఆ సంస్థ కర్మాగారాల గోడలపై ఉన్నది. క్రొత్తవారిని పిలవడం దాని ఉద్దేశం కాదు. అప్పటికే పనిలో ఉన్నవారు మానకుండా, ఉత్సాహం తగ్గకుండా పనిచేయాలని యజమానులు చెప్పిన మాట అది. లోకమంతా దానిని ఎరిగినది మరి నలభై ఏండ్ల తరువాత, 1980ల దశకంలో.

మరి రోజీ ఎవరు? రెడ్ ఎవాన్స్, జాన్ జేకబ్ లోబ్ అనే ఇద్దరు వ్రాసిన ఒక పాటలోని పిల్ల. ఆ పాట 1943లో అక్కడి రేడియోలలో మారుమ్రోగింది. ఆ సంవత్సరమే మే 29వ తేదీ సాటర్‌డే ఈవినింగ్ పోస్ట్ పత్రిక ముఖచిత్రంగా నార్మన్ రాక్‌వెల్ ఆమెను చిత్రించాడు. ఒడిలో రివెట్లు కొట్టే తుపాకి, చేతిలో రొట్టె, పాదాల క్రింద హిట్లర్ గ్రంథం. కూర్చున్న తీరును మాత్రం మైకెలాంజెలో చిత్రించిన యెషయా ప్రవక్తనుంచి తెచ్చుకున్నాడు! శ్రామికురాలిని ప్రవక్త పీఠంపై కూర్చోబెట్టిన ఆ చమత్కారం నాకు మిల్లర్ చిత్రంకన్న ఎక్కువ నచ్చుతుంది.

రివెట్టు అంటే రెండు లోహపు రేకులను కలిపి బిగించే తలగల మేకు. ఒకరు గాలి ఒత్తిడితో నడిచే తుపాకితో బయటనుంచి కొడుతుంటే, రెండవవారు లోపలివైపు ఇనుపదిమ్మను ఆనించి పట్టుకోవాలి. అప్పుడు మేకు కొన చదునై రేకులు బిగుసుకుంటాయి. దిమ్మ పట్టుకొనే మనిషి విమానపు రెక్కలోకో తోకలోకో దూరి పనిచేయవలసివచ్చేది. ఆ మోతలో మాట వినబడదు; రేకుమీద తట్టడమే వారికి భాష. పాటలోనూ బొమ్మలోనూ రోజీ ఒక్కతే. పనిలోనైతే ఇద్దరు లేనిదే సాధారణంగా ఒక్క మేకైనా బిగియదు.

1940లో అమెరికాలో ఉద్యోగాలలో ఉన్న స్త్రీలు సుమారు 1 కోటి 20 లక్షలు. 1945 నాటికి సుమారు 1 కోటి 90 లక్షలు. వీరిలో ఎందరో యుద్ధానికి పూర్వమే ఇతరుల ఇండ్లలోనో, చాకిరేవులలోనో, భోజనశాలలలోనో పనిచేసినవారు. యుద్ధం వారికి మంచి జీతాన్ని చూపింది. తల్లులకోసం పోర్ట్‌లాండ్‌లోని కైజర్ ఓడల కర్మాగారాలు శిశుశాలలు తెరచి, పని ముగించి ఇంటికి పోయేటప్పుడు వండిన భోజనం కూడా కొనుక్కొని పోయే వీలు కల్పించాయి. యుద్ధం ముగియగానే పిలుపు మారిపోయింది. స్త్రీలను పెద్ద సంఖ్యలో పనులనుంచి తొలగించారు. శిశుశాలలకు ప్రభుత్వం ఇచ్చే సహాయం 1946లో ఆగిపోయింది. ఆ రోజులలో ప్రభుత్వ శాఖ ఒకటి విచారించగా, నూటికి 75 మంది స్త్రీలు పనిలో కొనసాగాలనే కోరారు.

ఇక చిత్రంలోని ముఖం మాట. 1942 మార్చిలో కాలిఫోర్నియాలోని అలమీడా నౌకాదళ విమానకేంద్రంలో, యంత్రంపైకి వంగి పనిచేస్తున్న ఇరవై ఏండ్ల యువతిని ఒక ఛాయాగ్రాహకుడు ఫొటో తీశాడు. తలకు చుక్కలగుడ్డ. మిల్లర్ ఆ ఫొటోను చూశాడనడానికి రుజువు లేదు. పోలిక మాత్రం ఉన్నది. ఎన్నో ఏండ్లు ఆ ఫొటో క్రింద వేరొక స్త్రీ పేరు ఉండేది. ఆమె కూడా అది తానేనని నిజంగా నమ్మింది. 2011లో నాటి శ్రామిక స్త్రీల సమావేశానికి వెళ్లిన నయోమీ పార్కర్ ఫ్రేలీ, తన ఫొటో క్రింద పరాయిపేరు చూసి నిర్ఘాంతపోయింది. జేమ్స్ కింబుల్ అనే ఆచార్యుడు అసలు ప్రతిని వెదకి, దానిపై నయోమీ పేరు ఉన్నదని 2016లో ప్రకటించాడు. అప్పటికి ఆమెకు తొంభై ఏండ్లు దాటాయి. కీర్తీ ధనమూ తనకు అక్కరలేదనీ, తానెవరో లోకానికి సరిగా తెలిస్తే చాలుననీ ఆమె అన్నది. 2018 జనవరిలో కన్నుమూసింది.