పీడితునికి తోడు

సర్వస్తోత్రాలు అల్లాహ్‌కే. నంద్యాల, ఆళ్ళగడ్డ సోదరులారా! సోదరుడు పీడితుడైనా, పీడకుడైనా సహాయపడమని దైవప్రవక్త (స) బోధించారు. పీడకుని చేయి పట్టి ఆపడమే అతనికి సహాయమని వివరించారు.

1996 డిసెంబరు 5న కొలంబియాలోని కరేపాలో, కోకాకోలా సీసాలు నింపే కర్మాగారం ద్వారం వద్ద కార్మిక నాయకుడు ఇసిద్రో హిల్‌ను సాయుధులు కాల్చి చంపారు. 2012 జనవరి 27న మన తెలుగువారి యానాంలో రీజెన్సీ సిరామిక్స్ కార్మిక నాయకుడు మురళీమోహన్ పోలీసు చర్య వేళ మరణించారు. అదే రోజు ఆగ్రహించిన గుంపు సంస్థ అధ్యక్షుడు చంద్రశేఖర్‌ను చంపింది. ఒక ప్రాణానికి మరో ప్రాణం న్యాయం కాదు.

కనుక సంఘం పెట్టుకున్న కార్మికుణ్ణి మనం ఒంటరిని చేయరాదు; అతని పేర పగ తీర్చుకోనూరాదు. దూరదేశపు కార్మికునికై దుఆ చేసే మనం, మన వాకిట హమాలీకి కూలి బాకీపడరాదు. అల్లాహ్ మనలను న్యాయంపై స్థిరపరచుగాక! ఆమీన్.