బిందెడు నీళ్లలో సాంఘిక శాస్త్రం

 

"సంతకం పెట్టుడు వచ్చింది. బస్సు మీద ఊరి పేరు చదువుతున్నం. ఇంక సాంఘిక శాస్త్రం మాకెందుకు? అది బడిపిల్లల చదువు గదా!" అని మీలో కొందరు అడుగుతున్నారు. మంచి ప్రశ్న. జవాబు దూరంలో లేదు. మీరు మోసే నీళ్ల బిందెలోనే ఉంది.

మన నల్లగొండ జిల్లాలో ఎంతోమందికి పళ్లు గారపట్టాయి. నడుములు వంగిపోయాయి. పిల్లల కాళ్లు వంకరపోయాయి. అది తలరాత అనుకున్నారు మన పెద్దలు. ఏ జన్మ పాపమో అని ఏడ్చిన తల్లులు ఉన్నారు. అది పాపం కాదమ్మా! నీళ్లలో ఉన్న ఫ్లోరైడ్.

అది ఎక్కడినుంచి వచ్చింది? భూగోళం చెబుతుంది. మన నేల కింద గట్టి రాయి ఉంది. ఆ రాయిలో ఫ్లోరైడ్ ఉంది. బోరు నీళ్లు రాతి పగుళ్లలో చాలాకాలం నిలిచి దాన్ని కరిగించుకుంటాయి. లీటరు నీళ్లలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగరాదు. కంటికి కనపడదు. నీళ్లు కాచితే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడ్ పోదు. పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది.

మనవాళ్లు ఊరికే ఉన్నారా? చరిత్ర చెబుతుంది. 1996లో పార్లమెంటు ఎన్నికలు వచ్చాయి. జల సాధన సమితి పిలుపు ఇచ్చింది. నల్లగొండ స్థానంలో 480 మంది పోటీలో నిలిచారు. వారిలో చాలామంది గెలవాలని నిలబడలేదు. మా ఊళ్లకు కృష్ణా నీళ్లు కావాలని దేశానికి చెప్పాలని నిలబడ్డారు. అన్ని పేర్లు ఒక్క కాగితంలో పట్టలేదు. ఓటు పత్రం పుస్తకమంత అయింది! దేశమంతా మన జిల్లా వైపు చూసింది. నీళ్లు వెంటనే రాలేదు. అడగడం మానలేదు. 2015లో మన పక్కనున్న చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్‌ను ఆవిష్కరించారు. 2016లో ఆ పథకం మొదలైంది.

ఇక లెక్క చూద్దాం. ఇది అర్థశాస్త్రం. రోజుకు ఒక క్యాను నీళ్లు కొంటున్నాం. క్యాను పది రూపాయలు అనుకోండి. నెలకు 300. ఏడాదికి 3,650 రూపాయలు. నల్లా నీళ్లు మంచివని పరీక్షలో తేలితే ఆ పైసలు ఇంట్లోనే ఉంటాయి. నల్లా రాలేదని మళ్లీ బోరు నీళ్లు తాగితే ఆస్పత్రి ఖర్చు ఎంతో!

మరి ఎవరిని అడగాలి? పౌరశాస్త్రం చెబుతుంది. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకు ఒకసారి గ్రామసభ పెట్టాలి. ఓటు ఉన్న ప్రతి ఆడమనిషీ అందులో సభ్యురాలే. పంచాయతీ పదవుల్లో సగం మనవే. 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం ఉంది. ఊరి పంచాయతీని కాగితం మీద అడిగితే దరఖాస్తుకు ఫీజు కూడా లేదు.

అందుకే వచ్చే గ్రామసభకు గుంపుగా పోదాం. మూడు ప్రశ్నలు మీరే మీ చేత్తో రాసుకురండి.

మన ఊరి నీళ్లను ఎప్పుడు పరీక్ష చేశారు?

ఫ్లోరైడ్ ఎంత వచ్చింది?

నల్లా రాని రోజు మంచినీళ్లు ఎవరు ఇస్తారు?

జవాబును కాగితం మీద రాసి ఇమ్మని అడగండి. ఇప్పుడు మీకు చదవడం వచ్చు గదా!

సెలవు.